మగ్గం గుంత మీది కాంక్రీటు

మా ఆయన చేపట్టిన పనుల్లో చాలావాటికి చివర ఉండదు. బాత్‌రూము తలుపు గడియ ఇప్పటికీ ఒకే ఒక్క మేకుకు వేలాడుతోంది. అలాంటి మనిషి ఒక్క పని మాత్రం పూర్తిగా, ఇంకా చెప్పాలంటే పూర్తికన్నా చాలా ఎక్కువగా చేశాడు. మా ముందుగదిలో ఉన్న మగ్గం గుంతను పూడ్పించి, దాని మీద కాంక్రీటు పోయించాడు.

గుంత మగ్గం చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మా పెనుకొండ పక్క పట్టుచీరలు నేసే పాత ఇళ్లలో మగ్గం నేల మీదే ఉంటుంది. నేసే మనిషి గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, అడుగున ఉన్న పలకలను తొక్కుతూ నేయాలి. అంచులో, కొంగులో పూలు తీయడానికి మగ్గం పైన జకార్డు పెట్టె ఎక్కించాలి. మా ఇంటి కప్పేమో పొట్టిది. పెట్టె ఇంకా పైకి పోలేదు కాబట్టి మనిషే కిందికి దిగాలి. మా అత్త కాలం నుంచీ ఆ గదిలో గుంత ఉంది. ఆమె తర్వాత అందులో కాళ్లు పెట్టింది నేను. మా ఆయనకూ నేత వచ్చు గానీ, ఆయన నేసిన అంచు కొండదారి మాదిరి వంకర్లు పోయేది. కొన్నాళ్లకు ఆ పని నాకే వదిలేసి ఆయన పట్టుదారం కండెలు చుట్టడానికి దిగాడు. బయటివాళ్లకు మాత్రం తానే నేస్తున్నట్టు చెప్పుకునేవాడు. నేను కూడా పోనీలే అని ఊరుకునేదాన్ని.

తర్వాత హైవే పక్కన ఒక ఫ్యాక్టరీలో ఆయనకు ఉద్యోగం దొరికింది. యూనిఫారం ఇచ్చారు. పొద్దున్నే బస్సు మా సందు చివరికి వచ్చి ఎక్కించుకుపోయేది. ఆ బస్సు ఎక్కేటప్పుడు ఆయన అటూ ఇటూ చూసేవాడు, ఎవరైనా చూస్తున్నారా లేదా అని. ఒకరోజు నా ముందు కూర్చుని, "మా యమ్మ ఆ గుంతలోనే ముసిల్దయిపోయింది. నీకింక ఆ కర్మ వద్దు. నా పెండ్లాం కుర్చీలో కూచోవాల" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నేనూ ఆ పూట మురిసిపోయాను, అబద్ధమెందుకు.

మామూలు మనిషైతే గుంతలో మట్టి వేసి, పైన సిమెంటు పూసి ఊరుకుంటాడు. ఈయన మేస్త్రీని పిలిచి, "పైన లారీ ఎక్కినా పగలగూడదప్పా" అన్నాడు. ముందుగదిలోకి లారీ ఎందుకు వస్తుందని మేస్త్రీ అడగలేదు. కూలి ఇచ్చేవాడు లారీ అంటే లారీ. మగ్గం విప్పి వెనక గదిలో పెట్టి, గుంతను మట్టితో, రాళ్లతో నింపారు. పైన ఇనుపకడ్డీలు ఒక వరస అల్లారు. మా ఆయనకు అది ఆనలేదు. ఇంకో వరస అల్లించాడు. ఆ మీద కాంక్రీటు, కాంక్రీటు మీద టైల్స్, టైల్స్ మీద సోఫా. మళ్లీ మా వంశంలో ఎవరూ ఆ గుంతలోకి దిగకూడదని ఆయన పట్టుదల.

సోఫాలో కూర్చోవడం మొదట్లో బాగానే ఉంది. వచ్చిపోయేవాళ్లు "నీకేమక్కా, మహారాణి" అనేవాళ్లు. ఆరునెలలు గడిచేసరికి మహారాణికి పిచ్చి పట్టేలా అయింది. కూతురు అనంతపురంలో హాస్టల్లో ఉంది. ఆయన బస్సెక్కి పోతే ఇంట్లో నేనూ టీవీ మిగులుతాం. టీవీలో అత్తాకోడళ్లు కొట్టుకుంటుంటే, కింద నా కాళ్లు వాటంతట అవే తొక్కుతుండేవి. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు. టైల్స్ మీద ఆ చప్పుడు విని మా ఆయన, "కాళ్లు నొప్పా?" అని మందు నూనె తెచ్చాడు. కాదు, నేత గుర్తొస్తోంది అంటే ఆయనకు అర్థం కాదని ఆ నూనె పూసుకున్నాను.

ధర్మవరంలో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు అసలు కథ మొదలైంది. పడుగులు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు ఒకాయన అక్కడికి వచ్చాడు. భోజనాల దగ్గర నా కొంగు ఆయన చేతికి తగిలింది. ఆయన నన్ను చూడలేదు, అంచునే చూశాడు.

"ఈ చీర ఎవరు నేసినారమ్మా?"

"నేనే సావుకారీ."

"ఇప్పుడు యాడ నేస్తాండావు?"

"యాడా ల్యా. గుంత పూడ్చేసినాం."

ఆయన పెరుగన్నం కలపడం ఆపాడు. "పెండ్లిండ్ల సీజనొస్తాండాది. ఇట్లాంటి అంచు తీసే చేతులు దొరకడం ల్యా. ఈ నెలాఖరుకు మగ్గం నిలబెట్టు, పడుగు నీకిస్తా. నిలబడకుంటే వేరేవాళ్లకు పోతాది, ఏమనుకోవద్దు" అన్నాడు.

తిరుగు బస్సులో పెనుకొండ వచ్చేదాకా ఆ మాటే తలచుకున్నాను. నా చేతులు ఇంకా పనికొస్తాయని బయటి మనిషి అన్నాడు. ఇంకొన్నాళ్లు పోతే చేతులు మరిచిపోతాయి, కళ్లకు పోగు ఆనదు. ఈసారి జారిపోతే నేను మళ్లీ మగ్గం ఎక్కనని నాకు తెలుసు. ఆ పడుగు నాకు కావాలి. ఇంటికొచ్చి మా ఆయనకు అదే చెప్పాను. ఆయన చాలాసేపు టీవీ వైపు చూశాడు. టీవీ ఆపేసి ఉంది. చివరికి, "నీ ఇష్టం" అన్నాడు. మా ఇంట్లో నీ ఇష్టం అంటే నాకు ఇష్టం లేదు అని. నేను మాత్రం తెలుగులో ఆ మాటకున్న అర్థమే తీసుకుని పని మొదలుపెట్టాను.

ఇల్లు కట్టేవాళ్లు మా ఊళ్లో సందుకు పదిమంది దొరుకుతారు. పగలగొట్టేవాళ్లను పట్టుకోవడమే కష్టం. అడిగిన ప్రతివాడూ ముందు, "ఎందుకు పగలగొట్టేది? బాగుండాది గదా" అని సలహా ఇస్తాడు. చివరికి రొద్దం నుంచి ఇద్దరు కూలీలు సమ్మెటలు తీసుకుని వచ్చారు. సోఫా బయటికి జరిపి, టైల్స్ ఊడబీకి, ఒకడు కాళ్లు ఎడంగా పెట్టి సమ్మెట ఎత్తి వేశాడు. సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చింది. కాంక్రీటు మీద తెల్లటి చుక్క పడింది, అంతే. రెండోవాడు వేశాడు. ఇంకో చుక్క పడింది. మధ్యాహ్నానికి మా గది నేల ముగ్గు పెట్టినట్టు అయింది గానీ ఒక్క పెళ్ల లేవలేదు. చివరికి సమ్మెట కర్ర విరిగింది.

"ఇది ఇంటికి పోసింది కాదక్కా, డ్యాముకు పోసింది" అన్నాడు మొదటివాడు. నేను పెట్టిన సంగటి తిని, చేతులు కడుక్కుని ఇద్దరూ వెళ్లిపోయారు. మా ఆయన సాయంత్రం వచ్చి ఆ చుక్కలు చూశాడు. పైకి అయ్యో అన్నాడు. మొహంలో మాత్రం తన కాంక్రీటు మీద తనకున్న గర్వం దాగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ సమ్మెట చప్పుళ్లు వీధంతా వినిపించాయి కదా. టీ అంగడిలో మా ఆయన్ను నలుగురూ అడిగారు, ఇంట్లో ఏం పగలగొడుతున్నారని. ఈయన ఏం చెప్పాడో నాకు తర్వాత తెలిసింది గానీ, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. నా పెండ్లాం మళ్లీ గుంతలో కూర్చుంటుంది అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఉద్యోగం పోయిందేమో, అప్పులేమో అనుకుంటారని భయం. అందుకని గ్లాసులోకి చూస్తూ, "మా పెద్దోళ్లది ఒకటి కింద ఉండాదిలే. బయటికి తీయిస్తాండాం" అన్నాడట.

ఆ మాట ఇంకో ఊళ్లో అని ఉంటే ఏమీ అయ్యేది కాదు. పెనుకొండలో అన్నాడు. రాజులు ఏలిన ఊరు, కొండ మీద కోట. ఇక్కడ కుళాయి గొట్టం కోసం పలుగు వేసినా నలుగురు వచ్చి నిలబడి లోపలికి తొంగి చూస్తారు. కొండ మీద రాళ్లు పెకలించి గుంతలు తవ్వి పోయినవాళ్ల కథలు ప్రతి ఇంట్లో ఉంటాయి. పెద్దవాళ్లది కింద ఉంది అని మా ఊళ్లో చెబితే దానికి ఒకటే అర్థం. టీ తాగేవాళ్లు గ్లాసులు కింద పెట్టేశారట. ఈయనకు ఆ సంగతి తెలిసింది, అయినా సరిదిద్దలేదు. భార్య నేస్తుందనడం కన్నా ఇంట్లో నిధి ఉందనడమే ఆయనకు మర్యాదగా తోచింది మరి.

ఇవేమీ తెలియక నేను ధర్మవరం నుంచి కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ మిషను ఆయన్ను పిలిపించాను. బైకు వెనక మిషను కట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"కింద ఏముండాదక్కా?"

"గుంత."

"ఏం గుంత?"

"మగ్గం గుంత. నేసేదానికి."

ఆయన నవ్వాడు. "అక్కా, నేను పుట్టింది మగ్గాల వీధిలో. మా ధర్మవరంలో గుంతలు పూడ్చేదానికి పిలుస్తారు. తెరిచేదానికి పిలిచినోళ్లను నేనింతవరకూ చూడల్యా. పూడ్చిన గుంత మళ్లీ ఎవరు తెరుస్తారు చెప్పు?"

నిజమే, ఎవరూ తెరవరు. నా నిజం నాకే అబద్ధంలా వినిపించింది.

"పర్వాల్యా, చెప్పొద్దులే. గానీ ఆ తావున ఊరికే మిషను పెడితే రక్తం కక్కుకుంటారంట. ముందు శాంతి చేయించు, తర్వాత నన్ను పిలువు" అని మిషను మళ్లీ బైకుకు కట్టుకున్నాడు.

మరుసటి రోజు గుమ్మంలో ఒక పూజారి లాంటి మనిషి ప్రత్యక్షమయ్యాడు. మెడలో రుద్రాక్షలు, చంకలో సంచి, సంచి నిండా నిమ్మకాయలు. బ్రేకరాయనే పంపాడట. గదిలోకి వచ్చి ముక్కు ఎగబీల్చి, "కాపలా ఉండాదమ్మా" అన్నాడు.

"ఎవరు స్వామీ కాపలా?"

"పాము. నల్లకోడి కావల్ల దానికి."

"మా ఇంట్లో పాముంటే నేను ఇన్నేండ్లు ఆడ కాళ్లు పెట్టుకొని ఎట్ల కూచున్యా?"

ఆయన కొంచెం ఆలోచించి, "నువ్వంటే దానికి ఇష్టమేమో" అన్నాడు. నాకు కోపం వచ్చినప్పుడు గొంతు కొండ మీదికి వినిపిస్తుందని మా వీధిలో అంటారు. ఆ రోజు ఎంతవరకు వినిపించిందో తెలియదు గానీ, ఆయన నిమ్మకాయల సంచి వదిలేసి పోయాడు. ఆ నిమ్మకాయలతో ఆ పూట చిత్రాన్నం చేశాను. మా ఆయన రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

పూజారి నోటి ద్వారానే నాకు ఊళ్లో పుకారు సంగతి అర్థమైంది. అది ఎవరు పుట్టించారో మాత్రం తెలియలేదు. పక్కింటి ఆమె అనుకున్నాను. ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు కూడా, పాపం.

నెల సగం దాటింది. హిందూపురంలో కాంక్రీటు కోసే మిషను ఉందని ఎవరో చెబితే ఫోను చేశాను. గుండ్రటి పెద్ద బ్లేడు, నీళ్ల పైపుతో సహా వ్యాను వేసుకుని వచ్చాడు ఆ మనిషి. కన్నడం తెలుగు కలిపి మాట్లాడతాడు. నేల మీద మోకాళ్లు పెట్టి వేలితో కొట్టి చూసి, మా ఆయన అల్లించిన రెండు వరసల కడ్డీల సంగతి విని, లేచి నాకు దండం పెట్టాడు.

"దుడ్లు ఎంత అడుగుతావన్నా?" అన్నాను.

"దుడ్లు ఏమి లేక్కా. దుడ్లు యాడికి పోతాయి. అది బయటికి రానీ, అప్పుడు చూసుకుందాం. నా భాగం నాకిస్తే సాలు."

అర్థమైంది. ఈయనకూ ఆ పుకారు చేరింది. "అన్నా, కింద మట్టి తప్ప ఏమీ ల్యా. ఆ మట్టిలో భాగం కావాలంటే మొత్తం ఎత్తుకుపో. కూలి చెప్పు" అన్నాను. ఆయన మర్యాదగా కన్ను కొట్టి మిషను ఆన్ చేశాడు.

ఆ చప్పుడు గురించి చెప్పడం నా వల్ల కాదు. వీధి కుక్కలన్నీ పక్క వీధికి మారిపోయాయి. బ్లేడు మీద నీళ్లు పడి, బూడిదరంగు బురద గది నిండి, గడప దాటి, వీధిలోకి పారింది. గుంత కొలతకు చుట్టూ గీత కోసి, మధ్యలో ముక్కలు ముక్కలుగా కోయాలి. సాయంత్రానికి ఒక పక్క నుంచి నాలుగు ముక్కలు లేచాయి. పిల్లి దూరేంత సందు పడింది. ముక్కలు ఇంటి ముందు కుప్ప వేశారు.

"ఇవి ఎవరు ఎత్తుకుపోతారు?" అన్నాను.

"కోసేది నా పని. ఎత్తేది నాది కాదు."

ఎత్తే మనిషి కోసం కొత్తచెరువు ఊళ్లోని ట్రాక్టరాయనకు ఫోను చేశాను. రోడ్డు పక్కన పారబోస్తే పట్టుకుంటారు, చెరువులో వేస్తే రైతులు కొడతారు, చేనులో వేయడానికి చేను లేదు, కాబట్టి తాను రాడట. పోసినవాడికి పోసేటప్పుడు ఇవన్నీ తోచవు అని మా ఆయన్ను తలచుకుని తిట్టుకుంటూ పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే కుప్ప లేదు. చిన్న పెళ్ల కూడా లేదు. ఎవరో వీధి ఊడ్చినంత శుభ్రంగా ఉంది. దేవుడే ట్రాక్టరు పంపాడని చాలా సంతోషపడ్డాను. కాసేపటికి పక్కింటి ఆమె చేతిలో ఒక ముక్క పట్టుకుని వచ్చింది.

"ఇది మీదక్కా. మా ఇంట్లో పగలగొట్టి చూసినాం. ఏమీ ల్యా. తిరిగి ఇస్తే మంచిదని తెచ్చినా."

"మిగతావి?"

"వీధిలో అందరూ తలా ఒకటి తీసుకునిరి."

మా కాంక్రీటు పగలగొట్టడానికి రొద్దం వాళ్ల చేత కాలేదు. ఊరివాళ్లు మాత్రం ఆశతో ఇంటింటా పొడి చేసేశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమెకు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. అప్పుడే టీ అంగడిలో మా ఆయన అన్న మాట ఆమె నోటి నుంచి విన్నాను.

ఆయన్ను నిలదీసే లోపలే రెవెన్యూ ఆఫీసు మనిషి ఒకాయన, వెంట కానిస్టేబులు వచ్చారు. ఎవరో ఫిర్యాదు చేశారు. నేలలో దొరికేది ఏదైనా ప్రభుత్వానిది, తేలేవరకు పని ఆపండి అన్నారు. తప్పు వాళ్లది కాదు, ఫిర్యాదు వస్తే రావాలి కదా. హిందూపురం ఆయన మిషను గదిలోనే వదిలి, పై అధికారులు వచ్చాక పిలవండి అని వ్యానెక్కాడు. పిల్లి దూరేంత సందుతో మా గది నోరు తెరిచి ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నమే షావుకారు ఫోను చేశాడు. "ఏమమ్మా, నీకు నిధి దొరికిందంట గదా. ఇంక నేత ఎందుకు నీకు? ఆ పడుగు చెన్నేకొత్తపల్లి వాళ్లకిచ్చేస్తాలే."

"సావుకారీ, నిధి ల్యా గిధి ల్యా. నెలాఖరు ఇంకా కాల్యా. ఇయ్యొద్దు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బతిమాలడం నాకు చేతకాదు. ఆ రోజు బతిమాలాను. నెలాఖరు వరకు చూస్తాను అని ఆయన పెట్టేశాడు.

మా ఆయన బస్సు దిగి వచ్చేసరికి నేను గుమ్మంలోనే నిలబడ్డాను. చెప్పులు కూడా విడవనివ్వలేదు.

"గుంతలో కూచునేదానికి నాకు సిగ్గు ల్యా. చెప్పుకునేదానికి నీకెందుకు సిగ్గు?"

"నేనేమంటిని? పెద్దోళ్లది ఉండాదంటిని. అబద్ధమా?"

"ఇన్నేండ్లు నేను నేసిన చీరలు నువ్వు నేసినట్ల చెప్పుకుంటివి. ఊరుకుంటిని. ఇప్పుడు నేను నేస్తానంటే దాన్ని కూడా నిధి చేస్తివి. నా చేతి పని ఒక్కటన్నా నాది అని నీ నోట్లోంచి రాదా?"

ఆయన గడప మీద కూర్చుని చెప్పుల నుంచి ఎండిన బురద గీకుతూ ఉండిపోయాడు. ఆ రాత్రి ఇద్దరం అన్నం తినలేదు.

రెండు రోజుల తర్వాత రెవెన్యూ ఆఫీసు మనిషి మళ్లీ వచ్చాడు, తమ కళ్లెదుట కోసి చూపించండి అంటూ. హిందూపురం ఆయన పిలిచిన వెంటనే వచ్చాడు. ఊరంతా వచ్చింది. గదిలో పట్టనివాళ్లు కిటికీల దగ్గర, కిటికీల దగ్గర పట్టనివాళ్లు ఎదురింటి మిద్దె మీద. బ్రేకరాయన కూడా ధర్మవరం నుంచి వచ్చి, రక్తం కక్కుకునేవాళ్లకు దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మా ఆయన ఆ రోజు డ్యూటీకి పోలేదు.

మిషను ఆన్ చేయబోయే ముందు రెవెన్యూ ఆయన మా ఆయన వైపు తిరిగాడు. "ముందే చెప్పేయప్పా. కింద ఏముండాది?"

గదిలో ఉన్న మెడలన్నీ ముందుకు సాగాయి. మా ఆయన నన్ను చూశాడు, తర్వాత నేల చూశాడు.

"గుంత సార్."

"ఏం గుంత?"

"మగ్గం గుంత. నా పెండ్లాం నేసే గుంత."

"మరి ఎందుకు మూసినావు?"

"నాకు జీతమొస్తాండాది గదా, ఆమెకింక పని ఎందుకనుకున్యా సార్. ఆమెను అడగల్యా."

"ఇప్పుడెందుకు తెరిపిస్తాండావు? జీతం పోయిందా?"

"జీతముండాది సార్. ఆమెకు నేత కావల్ల, అందుకు. మా ఇంట్లో నేసిందంతా ఆమే. నేను కండెలు చుట్టినోణ్ణి. ఈ మాట టీ అంగట్లో చెప్పలేక ఈడిదాకా తెచ్చినా."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ నాలుగు ముక్కలు ఆ రోజే చెప్పి ఉంటే ఇంత రచ్చ ఉండేదా అని కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందో చెప్పలేను. మా వెనక మాత్రం ఎవరో, "అబ్బా, ఎంత బాగా అబద్ధం చెప్తాండాడు చూడు" అని మెచ్చుకున్నారు.

మిషను కోసింది. చివరి ముక్కను నలుగురు కలిసి గడ్డపారలతో లేపి పక్కకు దొర్లించారు. లోపల ఎర్రమట్టి, రాళ్లు, ఒక పగిలిన బొచ్చె. రెవెన్యూ ఆయన కర్రతో అక్కడక్కడా పొడిచి చూసి, "సరే, నేసుకోండి" అని కాఫీ తాగి వెళ్లిపోయాడు. జనం ఒక్కొక్కరే పలచబడ్డారు. హిందూపురం ఆయన చాలాసేపు గుంతలోకి చూస్తూ నిలబడి, పెద్దగా నిట్టూర్చి, మొదటిసారి కూలి ఎంతో చెప్పాడు. చాలా ఎక్కువ చెప్పాడు. అతని మనసు విరిగినందుకు కూడా అందులో కలిపాడని నా అనుమానం.

ఇక గుంతలో నిండిన మట్టి ఎత్తాలి. నిధి ఉందన్నప్పుడు అడగకుండానే పెళ్లలు మోసుకుపోయిన ఊరు, ఇప్పుడు పిలిచినా తట్ట పట్టుకోలేదు. ఒకరికి నడుం నొప్పి, ఒకరికి చేను పని. నెలాఖరు మీద పడుతోంది. నేనే చీర కుచ్చిళ్లు దోపుకుని పార తీసుకునే లోపల, మా ఆయన చొక్కా విప్పి బనియన్‌తో గుంతలోకి దిగాడు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. టీ అంగడి నుంచి వచ్చేవాళ్లకు నేరుగా కనిపిస్తాడు.

"తలుపు మూయాల్నా?" అన్నాను.

"ఉండనీ. గాలొస్తాది" అన్నాడు. గాలి లేదు ఆ రోజు.

దారిన పోయే టీ అంగడి మిత్రుడు ఒకాయన ఆగి, "ఏమప్పా, ఇంకా వెతుకుతాండావా?" అని అడిగాడు. మా ఆయన నడుము నిటారుగా చేసి, వీధి అవతలికి వినపడేలా, "మా ఆడామె మగ్గమేస్తాంది. గుంత తీస్తాండా" అన్నాడు. మళ్లీ వంగి పార వేశాడు. నేను తట్టలు మోసి పెరట్లో పోశాను. గుంత అడుగున పాత తడి మట్టి వాసన వచ్చేసరికి నా అరికాళ్లు జివ్వుమన్నాయి.

షావుకారు నమ్మడు కదా, అందుకని ఫోనులో గుంతను ఫోటో తీసి పంపించాను. నడుములోతు గుంతలో బనియన్ నిండా ఎర్రమట్టితో మా ఆయన కూడా ఆ ఫోటోలో పడ్డాడు. కాసేపటికే ఫోను మోగింది.

"మెచ్చుకున్యా తల్లీ. పడుగు ఎల్లుండి పంపిస్తాండా, మగ్గం బిగించుకో. అది సరే గానీ, ఆ గుంతలో మట్టెత్తే మనిషి ఎవరు? మంచి పనోడి మాదిరుండాడు. ఈడ మా వీధిలో కూడా ఒక ముసలామె గుంత తెరుస్తానంటాంది. మనిషి దొరకడం ల్యా. పంపిస్తావా?"

నాకు నవ్వు ఆగలేదు. "ఆయన కూలోడు కాదు సావుకారీ, మా ఇంటాయన" అన్నాను.

గుంతలో నుంచి మా ఆయన తల ఎత్తాడు. "ఏమంట?"

"ధర్మవరంలో ఇంకొకామె గుంత తెరిపిస్తాదంట. మట్టెత్తేదానికి నిన్ను పంపమంటాండాడు."

ఆయన మొహం మీద చెమట, మట్టి కలిసి కారుతున్నాయి. మోచేత్తో తుడుచుకున్నాడు. "ఆదివారమైతే వస్తానని చెప్పు. ఆమె పూడ్చినప్పుడు కడ్డీలు ఎన్ని వరసలు వేసిండారో మాత్రం ముందే అడుగు" అని మళ్లీ పార ఎత్తాడు.